పగారు నుండి పగదోర్ వరకు: పోర్చుగీసు బ్యాంకు మాటల పాఠము



షోలాపూరులోను, భివండిలోను, ముంబయిలోను తరతరములుగా స్థిరపడిన మన తెలుగు ఇండ్లలో నెల మొదటి వారమున వినిపించే మాట ఒకటి ఉన్నది. "పగారు వచ్చిందా?" అని. మగ్గము మీద కూర్చున్న తాతలకు జీతము పగారే, మిల్లుకు వెళ్ళిన తండ్రులకు పగారే, ఆఫీసుకు వెళ్ళే మన పిల్లలకు కూడా పగారే. ఇది మరాఠీ మాట అని మనము అనుకొంటాము. నిజమే, మనము మరాఠీ వారి దగ్గరనే నేర్చుకొన్నాము. అయితే మరాఠీ వారు దానిని పోర్చుగీసు వారి దగ్గర నేర్చుకొన్నారు. ఆ భాషలో 'పగార్' అనగా డబ్బు చెల్లించుట.

వేలము అను మాట కూడా అట్టిదే. పోర్చుగీసు వారి 'లైలాఁవ్' మన తీరములకు వచ్చి వేలమైనది. అలమర, బాల్చి, తువ్వాలు, మేస్త్రి, పీపా, ఇవన్నియు ఆ ఓడలలో వచ్చిన మాటలే. 1510 నుండి 1961 డిసెంబరు వరకు గోవా వారి చేతిలో ఉన్నది గనుక, చుట్టుపట్ల భాషలన్నిటిలో వారి మాటలు చేరుటలో ఆశ్చర్యము లేదు.

ఇప్పుడు ప్రయాణము ఎదురు దిక్కున సాగుచున్నది. మన కుటుంబముల పిల్లలు కొందరు పోర్చుగలు దేశమునకు పనుల కొరకు, చదువు కొరకు వెళ్ళుచున్నారు. అక్కడ కూరగాయలు కొనుటకు కావలసిన మాటలు నెల రోజులలో వచ్చును. బ్యాంకు మాటలు అట్లు రావు. అవి సంతలో వినబడవు, కాగితము మీద సన్నని అక్షరములలో ఉండును. వాటిని గూర్చి ఈ పాఠము వ్రాయుటకు మా ఇంటి సంగతియే కారణము.

మా చెల్లెలి కుమారుడు లిస్బను నగరము వద్ద ఒక హోటలు వంటశాలలో పనిచేయుచున్నాడు. వెళ్ళి మూడేండ్లు దాటినది. తోటి పనివాడు ఒకడు ఇల్లు అద్దెకు తీసికొనుచు, "నీవు కూడా ఒక సంతకము చేయి" అని అడిగినాడు. మావాడు చేసినాడు. ఆ తోటివాడు కొన్ని నెలలకు అద్దె బాకీ పెట్టి వేరొక దేశమునకు వెళ్ళిపోయినాడు. ఇంటి యజమాని మావానికి రిజిస్టరు ఉత్తరము పంపినాడు. మూడు నెలల అద్దె, నెలకు 650 యూరోల చొప్పున 1,950 యూరోలు, మావాడే కట్టవలసి వచ్చినది.

"మామయ్యా, మన ఊళ్ళో ప్రోనోటు మీద సాక్షి సంతకం చేసినట్లే అనుకున్నాను" అన్నాడు ఫోనులో.

కాగితమును ఫోటో తీసి పంపుమన్నాము. నిఘంటువు పెట్టుకొని చూచితిమి. అతని పేరు క్రింద 'ఫియదోర్ ఇ ప్రిఁసిపాల్ పగదోర్' అని ఉన్నది. అనగా 'హామీదారు, మరియు ముఖ్య చెల్లింపుదారు'. సాక్షి అను మాట ఆ కాగితములో ఎక్కడను లేదు. యజమాని మోసము చేయలేదు, కాగితము అబద్ధము చెప్పలేదు. పుట్టినది మొదలు మావాడు పలికిన 'పగారు' మాటయే 'పగదోర్' అను వేషములో అతని పేరు ప్రక్కన నిలిచి ఉండెను. అతడు గుర్తుపట్టలేదు. మేమైనను ఆ స్థలములో ఉంటే గుర్తుపట్టియుండము.

కావున ఈ పాఠములో మాటలను అక్షర క్రమములో కాక, మూడు ప్రశ్నల క్రింద నేర్చుకొందము. ఏ కాగితము చేతికి వచ్చినను ఈ మూడును అడుగవలెను:

కైఁ పాగ? (ఎవరు చెల్లించవలెను?)
క్వాఁతు? (ఎంత?)
అతే క్వాఁదు? (ఎప్పటి వరకు?)

1. ముందుగా పలుకుబడి

పోర్చుగీసు పలుకుటకు ఇంగ్లీషు కంటె తెలుగు మంచి మెట్టు. కారణములు చూడండి.

మొదటిది, వారి త, ద అక్షరములు మన త, ద వంటివే. నాలుక పండ్లకు తగులును. ఇంగ్లీషు అలవాటు చొప్పున ట, డ అనవద్దు. ఖాతాను 'కోఁత' అనవలెను, 'కోంటా' అనరాదు.

రెండవది, మాట చివర ఒకారముగా వ్రాసినది ఉకారముగా పలుకును. బ్యాంకు వారి భాషలో 'బాఁకు'. మన నోటికి ఇది సులభము, మన మాటలు కూడా ఉకారముతోనే ముగియును గదా.

మూడవది, ముక్కుతో పలికే అచ్చులు. ఇక్కడ మన పాత అరసున్న అక్కరకు వచ్చును. ఈ పాఠములో అరసున్న కనబడిన చోట అచ్చును ముక్కులో నుండి పలుకండి. మాట చివరి 'ఆఁవ్' శబ్దము మాటిమాటికి వచ్చును: 'ప్రెష్తసాఁవ్' (వాయిదా), 'కుమిసాఁవ్' (రుసుము).

నాలుగవది, మనము వర్ణమాలలో చదివి విడిచిపెట్టిన 'ఞ' అక్కడ జీవముతో ఉన్నది. డబ్బును 'దిఞైరు' అందురు.

ఐదవది, మాట చివరను, హల్లుకు ముందును వచ్చే సకారము పోర్చుగలులో సాధారణముగా ష వలె వినబడును. వడ్డీ అనగా 'జూరుష్'. ఇక్కడి జకారమును నాలుక అంగిలికి గట్టిగా తగలకుండ మెత్తగా పలుకవలెను. మాట మొదటి రకారము గొంతులో నుండి వచ్చును, దానిని మేము 'ర్ర' అని వ్రాసితిమి.

మేము ఇచ్చునది పలుకుబడి మాత్రమే. అసలు వ్రాతను మీరు చేతితో వ్రాసి నేర్చుకొనవలెను. ఒక నోటుబుక్కు తీసికొని పేజీకి మూడు గడులు గీయండి. మొదటి గడిలో కాగితము మీద ఉన్న మాటను అక్షరము తప్పకుండ దించుకొనండి. రెండవ గడిలో తెలుగు పలుకుబడి, మూడవ గడిలో అర్థము వ్రాయండి. ఈ నోటుబుక్కు గూర్చి చివర మరల చెప్పుదుము.

2. కైఁ పాగ? ఎవరు చెల్లించవలెను?

మనుష్యులను సూచించే మాటలలో చివరి 'దోర్' ను పట్టుకొనండి. ఒక పని చేయువాడు అని దాని భావము. మన 'దారు' తో దానికి చుట్టరికము లేదు గాని, జ్ఞాపకము పెట్టుకొనుటకు చక్కగా సరిపోవును.

దెవెదోర్: బాకీదారు
క్రెదోర్: అప్పు ఇచ్చినవాడు
పగదోర్: చెల్లింపుదారు
ఫియదోర్: హామీదారు

ఈ 'దోర్' మాటలు కాక మరికొన్ని ఉన్నవి. ఇంటి యజమాని 'సెఞురీయు', అద్దెకుండువాడు 'ఇఁకిలీను', ఖాతా ఎవరి పేరున ఉన్నదో అతడు 'తితులార్'. సాక్షి మాత్రము 'తెష్తెమూఞ'. మావాడు తాను తెష్తెమూఞ అనుకొన్నాడు, కాగితము ఫియదోర్ అన్నది. ఈ రెండు మాటల మధ్య దూరము 1,950 యూరోలు.

ఫియదోర్ విషయములో ఇంకొక మెలిక ఉన్నది. పోర్చుగలు చట్టము ప్రకారము హామీదారునకు సాధారణముగా ఒక రక్షణ కలదు. "ముందు బాకీదారు ఆస్తి మీదికి వెళ్ళండి, అక్కడ వసూలు కానిచో నా దగ్గరకు రండి" అని అతడు చెప్పవచ్చును. ఈ రక్షణను 'బెనెఫీసియు ద ఐష్కుసాఁవ్ ప్రేవియ' అందురు. అయితే ఒప్పందములలో చాల తరచుగా ఈ రక్షణను హామీదారు వదులుకొనుచున్నట్లు ఒక వాక్యము ఉండును. ఆ వాక్యములో కనబడు మాట 'ర్రెనూఁసియ', అనగా వదులుకొనుచున్నాడు. 'ముఖ్య చెల్లింపుదారు' అని వ్రాసినను ఫలితము అదే. అప్పుడు యజమాని నేరుగా హామీదారు ఇంటి తలుపే తట్టవచ్చును.

'సులిదారియమేఁత్' అను మాటను కూడా ఎర్ర సిరాతో వ్రాసికొనండి. వినుటకు ఐకమత్యము, సహాయము వంటి మంచి మాట. ఒప్పందములో దాని భావము వేరు: సంతకము చేసిన ప్రతివాడును మొత్తము బాకీకి బాధ్యుడు. ముగ్గురు సంతకము చేసిరి గనుక నా వంతు మూడవ భాగమే అనుటకు వీలు లేదు.

ఇదే మాట ఉమ్మడి ఖాతాలలో కూడా వచ్చును. 'కోఁత సులిదారియ' అనగా ఇద్దరిలో ఎవరైనను ఒంటరిగా డబ్బు తీయగల ఖాతా. 'కోఁత కోఁజూఁత' అనగా అందరును సంతకము చేసిననే డబ్బు కదలే ఖాతా. ఒకే గదిలో ఉండే నలుగురు స్నేహితులు అద్దె కొరకు ఉమ్మడి ఖాతా తెరచునప్పుడు ఈ భేదము తెలిసియుండవలెను.

హామీ సంతకము మన పేరున ఎక్కడెక్కడ ఉన్నదో మరచిపోయినవారు కూడా ఉందురు. బ్యాంకు అప్పుల విషయములో దీనికి మార్గమున్నది. ఆ దేశపు కేంద్ర బ్యాంకు అయిన బాఁకు ద పుర్తుగాల్ వద్ద అప్పుల చిట్టా ఒకటి నడుచుచున్నది. దానిలో మన అప్పులే గాక, ఇతరుల అప్పులకు మనము ఇచ్చిన హామీలు కూడా కనబడును. ఎవరి వివరము వారు రుసుము లేకుండ తీసికొనవచ్చును. ఇంటి అద్దె హామీలు మాత్రము ఇందులో ఉండవు, ఇది బ్యాంకులకు, అప్పు ఇచ్చు సంస్థలకు సంబంధించినది.

3. క్వాఁతు? ఎంత?

ముందుగా అంకెలు: ఉఁ (1), దోయిష్ (2), త్రేష్ (3), క్వాత్రు (4), సీఁకు (5), సైష్ (6), సెత్ (7), ఓయితు (8), నోవ్ (9), దెష్ (10), వీఁత్ (20), సైఁ (100), మిల్ (1000).

అంకెలు నోటికి వచ్చినను కాగితము మీద పొరపాటు పడుటకు ఒక చోటున్నది. మనము వేయి రెండు వందల యాభై రూపాయల యాభై పైసలను 1,250.50 అని వ్రాయుదుము. వారు 1.250,50 అని వ్రాయుదురు. మన చుక్క స్థానములో వారి కామా, మన కామా స్థానములో వారి చుక్క. కొన్ని చోట్ల చుక్కకు బదులు ఖాళీ విడుతురు. కాబట్టి '1.250' అని చూచి ఒకటింపావు యూరో అనుకొనరాదు, అది పన్నెండు వందల యాభై. అట్లే బిల్లులో '0,125' కనబడినచో భయపడనక్కర లేదు, అది యూరోలో ఎనిమిదవ వంతు.

జీతపు చీటీ. దీనిని 'ర్రెసీబు ద వెఁసిమేఁతు' అందురు. వరుసగా చదువుదము. 'వెఁసిమేఁతు బాజ్' అనగా మూల జీతము. 'సుబ్సీదియు ద అలిమెఁతసాఁవ్' అనగా భోజన భత్యము. ఉద్యోగులకు పన్నెండు నెలల జీతము గాక సెలవుల భత్యము ఒకటి, క్రిస్మసు భత్యము ఒకటి చట్టప్రకారము వచ్చును. వీటి పేర్లు 'సుబ్సీదియు ద ఫేరియష్', 'సుబ్సీదియు ద నతాల్'. కొందరు యజమానులు వీటిని నెలనెలా కొంత కొంతగా జీతములో కలిపి ఇత్తురు. అట్టివారు డిసెంబరులో వేరుగా వచ్చుననుకొని ఖర్చు పెట్టుకొనరాదు.

ఆ తరువాత 'దెష్కోఁతుష్' అని ఉండును. అంగడిలో ఈ మాట కనబడినచో సంతోషించవలెను, అక్కడ అది ధర తగ్గింపు. జీతపు చీటీలో అదే మాట కోతలు. సాధారణ ఉద్యోగి జీతములో నూటికి 11 వంతులు 'సెగురాఁస సుసియాల్' అను సామాజిక భద్రతకు పోవును. వేయి యూరోల మీద 110 యూరోలు. దాని ప్రక్కన ఆదాయపు పన్ను, జీతమును బట్టి, కుటుంబమును బట్టి. కోతలకు ముందు మొత్తము 'బ్రూతు' లేక 'ఇలీకిదు', చేతికి వచ్చునది 'లీకిదు'. ఉద్యోగము ఇచ్చువాడు జీతము చెప్పినప్పుడు "బ్రూతు ఓ లీకిదు?" అని అడుగుట మరువవద్దు.

అప్పు. అప్పును 'ఎఁప్రేష్తిము' అందురు, వడ్డీని 'జూరుష్'. 'తాష' అనగా రేటు. అయితే రుసుమును కూడా తాష అనుట ఉన్నది, చుట్టుపట్ల మాటలు చూచి తెలిసికొనవలెను. 'ఇఁపోష్తు' పన్ను. 'సెగూరు' బీమా. ఈ సెగూరు మాటకు 'క్షేమమైన' అను అర్థము కూడా కలదు. అప్పు కాగితములో అది కనబడినచో ఎవరో మన క్షేమమును గూర్చి ఆదరణ చెప్పుచున్నారని తలంచక, బీమా ఖర్చు కలిపినారా అని అడుగవలెను.

ప్రకటనలలో పెద్ద అక్షరములతో ఉండునది చాలసార్లు 'తాఁ' అను రేటు. అది వట్టి వడ్డీ రేటు. దాని ప్రక్కన 'తాయెగ్' అను నాలుగు అక్షరముల రేటు ఉండును. వడ్డీతోపాటు రుసుములు, పన్నులు, తప్పనిసరి బీమా అన్నియు కలిపి లెక్కించినది ఇదే. రెండు అప్పులను పోల్చునప్పుడు తాయెగ్‌తో తాయెగ్‌నే పోల్చవలెను. ఉదాహరణకు, రెండు చోట్ల వేయి యూరోల అప్పును ఒక సంవత్సరమునకు ఇత్తురనుకొందము. మొదటి చోట వడ్డీ 50, రుసుము 60. రెండవ చోట వడ్డీ 80, రుసుము లేదు. వడ్డీ చూచినవాడు మొదటి దానికి పోవును, 1,110 కట్టును. మొత్తము చూచినవాడు రెండవ దానికి పోయి 1,080 కట్టును. అప్పు కాగితములో 'మోఁతాఁత్ తోతాల్' అను మాట క్రింద వేలు పెట్టి చూడండి. చివరకు మన జేబులో నుండి పోవు మొత్తము అక్కడ ఉండును.

4. అతే క్వాఁదు? ఎప్పటి వరకు?

ఇక్కడ పెద్ద గుంట 'వెఁసిమేఁతు' అను మాటయే. జీతపు చీటీలో అది జీతము అని పైన చెప్పితిమి. బిల్లు మీదను, అప్పు కాగితము మీదను 'దాత ద వెఁసిమేఁతు' అనగా గడువు తేదీ. ఒకే మాట ఒక చోట డబ్బు వచ్చుటను, మరొక చోట డబ్బు కట్టుటను సూచించును. 'దాత' అనగా తేదీ. ఇచ్చువాడు కాదు!

'ప్రాజు' అనగా గడువు కాలము. 'ప్రెష్తసాఁవ్' అనగా వాయిదా, 'మెఁసాల్' అనగా నెలసరి. గడువు దాటుటను 'మోర' అందురు. 'జూరుష్ ద మోర' అనగా ఆలస్యపు వడ్డీ. 'మూల్త' అనగా జరిమానా.

దాచుకొను డబ్బునకు కూడా గడువున్నది. మనము కావలసినప్పుడు తీసికొను ఖాతా 'కోఁత ఆ ఓర్దైఁ'. కాలము నిర్ణయించి వేసిన డిపాజిట్టు 'దెపోజితు అ ప్రాజు'. పొదుపును 'పోపాఁస' అందురు. ఒక్కొక్క బ్యాంకులో ఒక్కొక్క డిపాజిట్టుదారునకు లక్ష యూరోల వరకు హామీ నిధి రక్షణ కలదు. 'ర్రెనువసాఁవ్ అవుతుమాతిక' అను మాట ఉన్నచో గడువు తీరగానే మనలను అడుగకయే మరల కొనసాగును.

ఫోను, ఇంటర్నెట్టు ఒప్పందములలో 'ఫిదెలిజసాఁవ్' అను మాట చూడండి. అంత కాలము వదలిపోరాదను కట్టు అది, రెండు సంవత్సరముల వరకు ఉండవచ్చును. ఆరు నెలలకే ఊరు మారువారికి ఇది బరువగును.

ఖాతా నుండి ప్రతి నెల దానంతట అది డబ్బు పోవుటను 'దేబితు దిరేతు' అందురు. కరెంటు బిల్లునకు ఇది సౌకర్యమే. అయితే ఎవరెవరికి అనుమతి ఇచ్చితిమో జాబితా ఉంచుకొనవలెను. పొరపాటుగా ఎక్కువ పోయినచో, డబ్బు పోయిన నాటి నుండి 8 వారములలోగా బ్యాంకును తిరిగి ఇమ్మని అడుగు హక్కు కలదు. వినియోగదారులకిచ్చు మామూలు అప్పులలో, సంతకము చేసిన తరువాత 14 రోజులలోగా కారణము చెప్పకుండ రద్దు చేసికొను హక్కు కూడా కలదు. తీసికొన్న సొమ్మును, ఆ రోజులకైన వడ్డీని తిరిగి ఇచ్చివేయవలెను.

రోజుల పేర్లు కూడా తెలియవలెను, "గురువారము లోగా కట్టుము" అన్నప్పుడు తప్పు రాకుండ. వారు ఆదివారమును మొదటి దినముగా ఎంచి మిగిలినవాటిని లెక్కించుదురు. సోమవారము 'రెండవది', శుక్రవారము 'ఆరవది'. సెగూఁద (సోమ), తేర్స (మంగళ), క్వార్త (బుధ), కీఁత (గురు), సైష్త (శుక్ర). తరువాత సాబదు, దుమీఁగు. 'దీయజ్ ఊతైష్' అనగా పనిదినములు. 'మూడు దీయజ్ ఊతైష్' అని శుక్రవారము సాయంత్రము చెప్పినచో ఆదివారమునకు డబ్బు రాదు.

5. బ్యాంకు కిటికీ దగ్గర

ఖాతా తెరచుటకు "కెరీయ అబ్రీర్ ఊమ కోఁత" అనండి. వారు 'నిఫ్' అడుగుదురు, అది తొమ్మిది అంకెల పన్ను సంఖ్య. 'మురాద' అనగా చిరునామా. ఖాతా సంఖ్యను పెద్ద రూపములో 'ఇబాఁ' అందురు. పోర్చుగలులో అది పి.టి.50 తో మొదలై మొత్తము 25 అక్షరములు, అంకెలు ఉండును. 'సెర్వీసుష్ మీనిముష్ బఁకారియుష్' అని అడుగవచ్చును. కార్డుతో సహా ముఖ్యమైన సేవలను చాల తక్కువ ఖర్చుతో ఇచ్చు ఖాతా అది. చట్టము కల్పించినదే గాని, చాలమంది అడుగరు.

డబ్బు తీయుట 'లెవఁతార్', వేయుట 'దెపుజితార్', మిగిలియున్న సొమ్ము 'సాల్దు', ఖాతా వివరపు చీటీ 'ష్త్రాతు'. డబ్బు యంత్రముల జాలము పేరు 'ముల్తిబాఁకు', 1985 నుండి నడుచుచున్నది. దానిమీద బిల్లులు కట్టుటకు మూడు గడులు నింపవలెను: 'ఎఁతిదాద్' (5 అంకెలు), 'ర్రెఫెరేఁసియ' (9 అంకెలు), 'మోఁతాఁత్' (సొమ్ము). ఆకుపచ్చ మీట 'కోఁఫిర్మార్', అనగా సరే. ఎరుపు 'అనులార్', అనగా రద్దు. ఎవరైనను ఫోను చేసి, "నీకు డబ్బు పంపెదను, యంత్రము దగ్గరకు వెళ్ళి ఈ మీటలు నొక్కుము" అన్నచో ఎరుపే నొక్కి ఇంటికి రావలెను. డబ్బు పుచ్చుకొనుటకు ఎఁతిదాద్, ర్రెఫెరేఁసియ నింపనక్కర లేదు. అవి చెల్లించువాడు నింపునవి.

6. బ్రెజిలు మాట వేరు

పోర్చుగీసు మాట్లాడువారిలో ఎక్కువమంది బ్రెజిలులోనే ఉన్నారు. పాఠపుస్తకములు, పాఠముల వీడియోలు చాల భాగము అక్కడివి. వాటితో నేర్చుకొని పోర్చుగలు వెళ్ళువారు కొన్ని భేదములు గమనించవలెను.

డబ్బు తీయుట పోర్చుగలులో లెవఁతార్, బ్రెజిలులో 'సకార్'. కోఁత ఆ ఓర్దైఁ అక్కడ 'కోఁత కొర్రేఁచి'. నిఫ్ స్థానములో 'సె.పె.ఎఫి' అను 11 అంకెల సంఖ్య. 'ర్రేఁద' పోర్చుగలులో ఇంటి అద్దె, బ్రెజిలులో ఆదాయము. బ్రెజిలులో అద్దెను 'అలుగేవ్' అందురు. 'ప్రుపీన' అను మాటతో మరింత జాగ్రత్త. పోర్చుగలులో అది కళాశాల ఫీజు, బ్రెజిలులో లంచము! 2020 నవంబరులో బ్రెజిలు కేంద్ర బ్యాంకు మొదలుపెట్టిన 'పిక్స్' అను తక్షణ చెల్లింపు, మన యు.పి.ఐ. వంటిది, అక్కడ ఇంటింటి మాట అయినది.

7. సంతకమునకు ముందు మూడు వాక్యములు

పైన చెప్పిన మాటలన్నియు ఒక్కసారిగా రావు. అవి వచ్చు వరకు ఈ మూడు వాక్యములు కంఠస్థము చేయండి.

"ఉ కె కేర్ దిజేర్ ఈష్తు?" దీని అర్థమేమి?
"పోసు లెవార్ పర లేర్ ఐఁ కాజ?" ఇంటికి తీసికొనిపోయి చదువుకొనవచ్చునా?
"నాఁవ్ అసీను ఓజ్." నేడు సంతకము చేయను.

మూడవ వాక్యము పలుకుటకు మనవారికి మొగమాటము. అడిగినవాడు తోటి పనివాడు, ఒకే కంచములో తిన్నవాడు, ఎట్లు కాదందుము అని. కాదని చెప్పనక్కర లేదు, "నేడు కాదు" అన్నచో చాలును. ఒక రాత్రి వ్యవధిలో కాగితము చదువవచ్చును, తెలిసినవారిని అడుగవచ్చును. చదివిన తరువాత కూడా స్నేహితునికి హామీ ఉండవలెననిపించినచో ఉండవచ్చును. అప్పుడు అది తెలిసి చేసిన సహాయమగును. కట్టవలసి వచ్చినను మనసు విరుగదు.

మా మేనల్లుడు ఆ మూడు నెలల అద్దె కట్టి, తరువాత ఒక నోటుబుక్కు కొన్నాడు. మూడు గడులు గీసి మొదటి పేజీలో మొదటి మాటగా ఫియదోర్ వ్రాసికొన్నాడు. ఈ సంవత్సరము తానే ఒక గది అద్దెకు తీసికొనునప్పుడు కాగితమును రెండు రోజులు ఇంట ఉంచుకొని చదివినాడట. 'కవ్సాఁవ్' అను అడ్వాన్సు రెండు నెలలదని వ్రాసియున్నది, నోటితో చెప్పినది ఒక నెల. అడిగినాడు, యజమాని దిద్దినాడు. "మామయ్యా, అడిగితే కోపపడతాడనుకున్నాను. మంచిదే అడిగావన్నాడు" అని చెప్పినాడు. ఆ నోటుబుక్కులో నుండియే ఈ పాఠములోని మాటలలో సగము తీసికొన్నాము.

అభ్యాసము

1. సాక్షికి, హామీదారునకు పోర్చుగీసు మాటలేవి? వారి బాధ్యతలలో భేదమేమి?
2. 'వెఁసిమేఁతు' అను మాటకు రెండు అర్థములు చెప్పండి. ఏ కాగితములో ఏది వర్తించును?
3. '2.040,75' అను సొమ్మును మన పద్ధతిలో వ్రాయండి.
4. ఒకని జీతము బ్రూతు 1.200,00. సామాజిక భద్రత కోత ఎంత?
5. ఒక అప్పులో తాఁ తక్కువ, తాయెగ్ ఎక్కువ. ఎందువలన అట్లు ఉండవచ్చును?
6. మీ ఇంటిలో ఇప్పటికే ఉన్న ఏదైన ఒక అప్పు కాగితమును, అది ఏ భాషలోనిదైనను సరే, బయటకు తీయండి. పైన చెప్పిన మూడు ప్రశ్నలకు జవాబులు అందులో ఎక్కడ ఉన్నవో వేలుతో చూపగలరా?

ఆరవ ప్రశ్న విదేశమునకు పోవువారి కొరకు మాత్రమే కాదు. కన్నడములోనో, తమిళములోనో, ఒడియాలోనో, మరాఠీలోనో ఉన్న కాగితముల మీద మన పెద్దలు ఎన్ని సంతకములు పెట్టినారో, వాటిలో ఎన్నింటిని చదివినారో మనకు తెలియును. పరాయి భాష పాఠము మన ఇంటి బీరువా తెరపించినచో, దాని వలన సగము మేలు అప్పుడే కలిగినట్లు.